ఎంజైములకు అంత వేగం ఎక్కడిది? తరచుగా అడిగే ప్రశ్నలు

అసలు ఎంజైము చేసే పనేమిటి?

ఎలాగూ జరగగలిగే రసాయన చర్యను త్వరగా జరిగేలా చేస్తుంది, అంతే. జరగడానికి వీల్లేని చర్యను ఏ ఎంజైమూ జరిపించలేదు. తను ఖర్చు కాదు, ఒక అణువుతో పని అయ్యాక ఇంకో అణువును పట్టుకుంటుంది. దాదాపు అన్ని ఎంజైములూ ప్రోటీన్లే. కొన్ని మాత్రం ఆర్ఎన్ఏతో తయారైనవి. ఈ సంగతి కనిపెట్టినందుకు థామస్ చెక్, సిడ్నీ ఆల్ట్‌మన్‌లకు 1989లో నోబెల్ వచ్చింది. మన ఒంట్లో ప్రోటీన్లు తయారుచేసే రైబోజోమ్‌లో అమైనో ఆమ్లాలను అతికించే పని కూడా ఆర్ఎన్ఏదే.

వేగం అంటే ఎంత వేగం?

రిచర్డ్ వుల్ఫెండెన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త చాలా ఏళ్లు ఒకే ప్రశ్న పట్టుకుని కూర్చున్నాడు: ఎంజైము లేకపోతే ఈ చర్యకు ఎంతకాలం పడుతుంది? డీఎన్ఏ, ఆర్ఎన్ఏలకు కావలసిన ముక్కల్ని తయారుచేసే దారిలో ఓఎంపీ డీకార్బాక్సిలేజ్ అనే ఎంజైము ఒకటుంది. అది చేసే చర్య మామూలు నీళ్లలో దానంతటదే జరగాలంటే, ఉన్న అణువుల్లో సగం మారడానికే 7.8 కోట్ల సంవత్సరాలు పడుతుందని 1995లో లెక్క తేలింది. ఎంజైము ఉంటే సెకనులో యాభయ్యో వంతు చాలు. అంటే 1 పక్కన 17 సున్నాలు పెడితే ఎంతో అన్ని రెట్లు వేగం.

అంతకాలం ఎవరూ ఎదురుచూడలేరు కదా అంటారా? ఎక్కువ వేడి దగ్గర చర్య ఎంత వేగంగా జరుగుతుందో కొలిచి, అక్కడి నుంచి మామూలు వేడికి లెక్క దించుతారు.

అన్నీ ఇంత చురుగ్గా ఉంటాయనుకోకండి. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ సంగతి చూసుకునే కార్బోనిక్ ఎన్‌హైడ్రేజ్ సెకనుకు దాదాపు 10 లక్షల అణువుల్ని మారుస్తుంది. ఆకుల్లో గాలి నుంచి కార్బన్‌ను పట్టి చక్కెరగా మలిచే దారిలో మొదటి పని రుబిస్కోది. అది సెకనుకు మూడు నుంచి పది అణువుల దగ్గరే ఆగిపోతుంది. పైగా కార్బన్ డయాక్సైడ్ బదులు పొరపాటున ఆక్సిజన్‌ను కూడా పట్టేస్తుంటుంది. భూమ్మీద తిండి అంతా దాని మీదే ఆధారపడి ఉంది!

ఎంజైము తాళం, అది పట్టే పదార్థం తాళంచెవి అని బడిలో చదువుకున్నాం. అది తప్పా?

తప్పనలేం, సగమే నిజం. ఎమిల్ ఫిషర్ 1894లో చెప్పిన మాట అది. ఏ ఎంజైము ఏ పదార్థాన్ని పడుతుందో చెప్పడానికి అది పనికొస్తుంది. వేగం ఎక్కడి నుంచి వస్తుందో చెప్పదు. నిజానికి తాళంచెవి తాళంలో మరీ బిగుసుగా, హాయిగా ఇమిడిపోతే చర్య జరగదు. ఆ పదార్థం అలాగే ఉండిపోతుంది.

1930లో జె.బి.ఎస్. హాల్డేన్ దీనికి ఒక మలుపు ఇచ్చాడు (చివరి ఏళ్లలో భారతదేశానికి వచ్చి స్థిరపడి, 1964లో భువనేశ్వర్‌లో పోయినాయనే). ఎంజైము తను పట్టుకున్న అణువును కాస్త మెలిపెట్టి, మారబోయే ఆకారం వైపు లాగుతుందన్నాడు. 1946లో లైనస్ పౌలింగ్ దాన్ని ఇంకా సూటిగా చెప్పాడు: ఎంజైము గట్టిగా పట్టుకునేది మొదటి పదార్థాన్నీ కాదు, చివరి పదార్థాన్నీ కాదు, మధ్యలో క్షణంలో వచ్చిపోయే ఆకారాన్ని. దాన్నే ట్రాన్సిషన్ స్టేట్ అంటారు. పాత బంధం పూర్తిగా తెగకుండా, కొత్తది పూర్తిగా పడకుండా ఉండే స్థితి అది. ఆయుష్షు సెకనులో లక్ష కోట్ల వంతు కన్నా తక్కువ. 1958లో డేనియల్ కోష్లాండ్ ఇంకో మాట కలిపాడు: పదార్థం వచ్చి కూర్చోగానే ఎంజైము కూడా తన ఆకారాన్ని సర్దుకుంటుందని.

పౌలింగ్ మాట కాగితం మీదే ఉండిపోలేదు. ట్రాన్సిషన్ స్టేట్‌ను పోలిన, కానీ అక్కడి నుంచి కదలని అణువును తయారుచేస్తే ఎంజైము దాన్ని పట్టుకుని వదలదు. ఫ్లూకి ఇచ్చే ఒసెల్టామివిర్ మాత్ర వెనక ఉన్నది ఈ ఆలోచనే.

ఎంజైము ఆకారం తెలిసిపోతే పని తెలిసినట్టే కదా?

చాలామంది ఇక్కడే పొరబడతారు. లైసోజైమ్ కథ వింటే ఎందుకో అర్థమవుతుంది.

కోడిగుడ్డు తెల్లసొనలో, మన కన్నీళ్లలో ఉండే ఎంజైము ఇది. 129 అమైనో ఆమ్లాల గొలుసు. బ్యాక్టీరియా గోడలోని చక్కెర గొలుసుల్ని తెంచుతుంది. 1965లో లండన్‌లో డేవిడ్ ఫిలిప్స్ బృందం ఎక్స్‌రేలతో దీని ఆకారాన్ని బయటపెట్టింది. ఎంజైముల్లో మొట్టమొదట ఆకారం తెలిసింది దీనికే. మధ్యలో ఒక లోయ, లోయకు అటూ ఇటూ రెండు ఆమ్లాలు: 35వ స్థానంలో గ్లూటమిక్ ఆమ్లం, 52వ స్థానంలో ఆస్పార్టిక్ ఆమ్లం. ఆ బొమ్మ చూసి ఫిలిప్స్ ఒక వివరణ ఇచ్చాడు. 35వది ప్రోటాన్ ఇచ్చి బంధాన్ని తెంచుతుంది. తెగిన చక్కెర మీద మిగిలిన ధనావేశాన్ని 52వది తన రుణావేశంతో దూరం నుంచే కాచుకుంటుంది. బొమ్మలో అంతా చక్కగా అమరింది కాబట్టి పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది. తరాల పిల్లలు అదే రాసి మార్కులు తెచ్చుకున్నారు.

2001లో స్టీఫెన్ విథర్స్, గిడియన్ డేవిస్ బృందం చర్యను మధ్యలో ఆపగలిగింది. చక్కెరకు ఒక ఫ్లోరిన్ తగిలించి, ఎంజైములో ఒక అమైనో ఆమ్లాన్ని మార్చి, రెండో అడుగు నత్తనడక నడిచేలా చేశారు. చూస్తే 52వ ఆమ్లం దూరం నుంచి కాచుకోవడం లేదు. చక్కెరతో నేరుగా బంధం వేసుకుని ఉంది! ఆ తర్వాతే నీటి అణువు వచ్చి ఆ బంధాన్ని విడదీస్తుంది.

ఆకారం తెలిసిన 36 ఏళ్లకు గానీ పని తేలలేదు. ఆకారం చూస్తే ఎంజైములో ఏమేం ఉన్నాయో తెలుస్తుంది. వాటిలో ఏది ఎప్పుడు ఏం చేస్తుందో వేరే ప్రయోగాలు పెట్టి అడగాల్సిందే.

ఎంజైము లోపల విద్యుత్ క్షేత్రం ఉంటుందట, నిజమేనా?

నిజమే. నా దృష్టిలో గత కొన్ని దశాబ్దాల్లో ఈ రంగంలో వచ్చిన అతి ముఖ్యమైన ఆలోచన ఇదే.

ఒక రసాయన చర్య నీళ్లలో జరుగుతోందనుకోండి. అణువులో ఆవేశం ఇటు నుంచి అటు జరిగేటప్పుడు చుట్టూ ఉన్న నీటి అణువులన్నీ కొత్త అమరికకు తిరగాలి. ఆ తిరగడానికి శక్తి ఖర్చవుతుంది. ఎంజైములో ఆ ఖర్చు ముందే పెట్టేసి ఉంటుందన్నాడు ఏరియా వార్షెల్. గొలుసు మడతపడినప్పుడే లోపలి ఆవేశాలన్నీ ట్రాన్సిషన్ స్టేట్‌కు కావలసిన దిక్కుకే తిరిగి కూర్చుంటాయి. పందిరీ వంటా ముందురోజే సిద్ధం చేసుకున్న పెళ్లింటివాళ్లకు ముహూర్తం వేళ హడావుడి ఉండనట్టు. వార్షెల్, మైకేల్ లెవిట్ కలిసి 1976లో లైసోజైమ్ మీదే ఈ లెక్కలు మొదలుపెట్టారు. 2013లో మార్టిన్ కార్ప్లస్‌తో కలిపి వాళ్లిద్దరికీ నోబెల్ వచ్చింది.

లెక్క సరే, కొలిచేదెలా? స్టాన్‌ఫర్డ్‌లో స్టీవెన్ బాక్సర్ బృందం కీటోస్టెరాయిడ్ ఐసోమరేజ్ అనే ఎంజైమును తీసుకుంది. దానిలో చర్య జరిగే చోట ఒక స్టెరాయిడ్ అణువును పెట్టారు. ఆ అణువులో కార్బన్, ఆక్సిజన్ జంట ఒకటి ఎప్పుడూ కంపిస్తూ ఉంటుంది. చుట్టూ ఉన్న విద్యుత్ క్షేత్రాన్ని బట్టి ఆ కంపన వేగం మారుతుంది. ఆ తేడాను పరారుణ కాంతితో చదివారు. 2014లో వచ్చిన జవాబు: సెంటీమీటరుకు దాదాపు 14.4 కోట్ల వోల్టులు. మామూలు గాలి సెంటీమీటరుకు 30 వేల వోల్టులకే నిప్పురవ్వలు కక్కేస్తుంది.

అంతకన్నా గట్టి సాక్ష్యం తర్వాతది. ఎంజైములో అమైనో ఆమ్లాలు మార్చిన రకాలు తయారుచేసి ఒక్కోదాని క్షేత్రం కొలిచారు, ఒక్కోదాని వేగం కొలిచారు. క్షేత్రం తగ్గినకొద్దీ వేగం తగ్గింది, అదీ లెక్క ప్రకారం. ఈ ఎంజైము ఇచ్చే వేగంలో 70 శాతం దాకా ఈ క్షేత్రం పుణ్యమేనని తేల్చారు. ఆ పరిశోధనలో ముఖ్యుల్లో ఒకరు సయన్ బాగ్చీ అనే భారతీయ శాస్త్రవేత్త.

ఎంజైములు కదులుతూ ఉంటాయి కదా. ఆ కదలికే వేగానికి కారణం అనేవాళ్లూ ఉన్నారు. ఎవరిది రైటు?

ఈ పేచీ ఇంకా పూర్తిగా తెగలేదు. ఎక్కువగా నడిచింది డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్ మీద. పేరు పొడుగు కాబట్టి డీహెచ్ఎఫ్ఆర్ అందాం.

తెలుగువాళ్లకు దీనితో ఒక చుట్టరికం ఉంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఆధ్వర్యంలో అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలో తయారైన అమినోప్టెరిన్, దాని తమ్ముడు మెథోట్రెక్సేట్ పనిచేసేది ఈ ఎంజైము మీదే. 1948లో సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలకు అమినోప్టెరిన్ ఇస్తే వ్యాధి తాత్కాలికంగానైనా వెనక్కి తగ్గింది. కణం విభజన చెందాలంటే ఫోలేట్ అనే విటమిన్ కావాలి, దాన్ని వాడదగ్గ రూపంలోకి తెచ్చేది డీహెచ్ఎఫ్ఆర్. మందు దాని చోటులో దూరి కూర్చుంటుంది. ఆ మందు ఏ ఎంజైమును ఎలా అడ్డుకుంటుందో పూర్తిగా తేలేసరికి సుబ్బారావు లేడు. 1948లోనే పోయాడు.

ఇక పేచీ సంగతి. ఇ. కోలి బ్యాక్టీరియాలోని డీహెచ్ఎఫ్ఆర్‌లో ఒక వంపు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటుంది. 2011లో పీటర్ రైట్, స్టీఫెన్ బెంకోవిచ్ బృందం ఆ కదలిక ఆగిపోయేలా ఎంజైమును మార్చింది. ఆకారం చూస్తే దాదాపు ఎప్పటిలాగే ఉంది, వేగం మాత్రం బాగా పడిపోయింది. కాబట్టి కదలికే కీలకం అన్నారు. అదే ఏడాది వార్షెల్ బృందం జవాబిచ్చింది: మీరు చేసిన మార్పు వల్ల లోపలి ఆవేశాల అమరిక చెదిరింది, వేగం అందుకే పడిపోయింది, కదలికకు ఇందులో భాగం లేదు అని.

నాకు అర్థమైనంతలో ఇద్దరూ 'కదలిక' అంటున్నది ఒకటే విషయం గురించి కాదు. పదార్థం లోపలికి రావడానికి, తయారైనది బయటికి పోవడానికి ఎంజైము తెరుచుకుని మూసుకోవాలి. అందులో ఎవరికీ అనుమానం లేదు. చాలా ఎంజైముల్లో ఆలస్యమయ్యేది కూడా అక్కడే. కానీ బంధం తెగే ఆ క్షణంలో ప్రోటీన్ ఊపు చర్యను నెడుతుందా అంటే, నెడుతుందని చెప్పే సాక్ష్యం నాకింకా బలంగా కనిపించలేదు.

క్వాంటమ్ టన్నెలింగ్ అంటున్నారు, అది కూడా ఇలాంటి పుకారేనా?

కాదు, ఇది బాగా రుజువైంది. హైడ్రోజన్ చాలా తేలిక. అడ్డుగోడ ఎక్కకుండా అందులోంచే అవతలికి చేరగలదు. జుడిత్ క్లిన్‌మన్ బృందం 1989లో ఈస్టులోని ఆల్కహాల్ డీహైడ్రోజనేజ్‌లో దీని జాడ పట్టింది. సోయా గింజల్లోని లిపాక్సిజనేజ్‌లో అయితే ఇంకా స్పష్టం. మామూలు హైడ్రోజన్ బదులు రెట్టింపు బరువున్న డ్యుటీరియం పెడితే చర్య దాదాపు 80 రెట్లు మందగించింది. టన్నెలింగ్ లేకుండా లెక్కేస్తే ఆ తేడా ఏడు రెట్లు దాటకూడదు.

అయితే టన్నెలింగ్ ఎంజైము లేకుండా జరిగే చర్యల్లోనూ ఉంటుంది. కాబట్టి ఎంజైము వేగమంతా క్వాంటమ్ మాయ అని చెప్పే వీడియోలను నమ్మకండి.

ఒక్క ఎంజైము అణువు పనిచేస్తుంటే చూడొచ్చా?

చూడొచ్చు. కణానికి శక్తినిచ్చే అణువు ఏటీపీ, దాన్ని తయారుచేసే ఎంజైము ఏటీపీ సింథేజ్. 1997లో జపాన్ శాస్త్రవేత్తలు ఆ ఎంజైములోని ఒక భాగాన్ని గాజు మీద అతికించి, దాని ఇరుసుకు మెరిసే ఆక్టిన్ అనే ప్రోటీన్ పోగు తగిలించారు. ఏటీపీ వేయగానే ఆ పోగు గడియారం ముల్లులా తిరగడం మైక్రోస్కోపులో కనిపించింది. ఇలా తిరుగుతుందని అంతకుముందే ఊహించిన పాల్ బోయర్‌కి అదే ఏడాది నోబెల్ దక్కింది. అన్నట్టు కండరాల్లో, కాలేయంలో ఏటీపీ ఉందని 1929లో గుర్తించినవాళ్లలో మన సుబ్బారావూ ఉన్నాడు.

మరుసటి ఏడాది సన్నీ షీ బృందం కొలెస్టరాల్ ఆక్సిడేజ్ అణువుల్ని ఒక్కొక్కటిగా చూసింది. దాని లోపలి ఎఫ్ఏడీ అనే భాగం ఒక రూపంలో వెలుగుతుంది, చర్య మధ్యలో ఇంకో రూపంలోకి మారి ఆరిపోతుంది. మళ్లీ వెలిగిందంటే ఒక చుట్టు పూర్తయినట్టు. అలా లెక్కపెడితే తెలిసిందేమిటంటే, ఒకే ఎంజైము అణువు కాసేపు చురుగ్గా, కాసేపు మందంగా పనిచేస్తుంది. మైకేలిస్, మెంటెన్ 1913లో ఇచ్చిన సమీకరణం కోట్ల అణువుల సగటు గురించి. సగటు సరిగ్గానే వస్తుంది. దాని కింద ఇంత అల్లరి ఉందని ఒక్కో అణువును చూశాకే తెలిసింది.

ఆల్ఫాఫోల్డ్ వచ్చేసింది కదా, ఇంకా పరిశోధించడానికి ఏముంది?

లైసోజైమ్ కథే దీనికీ జవాబు. ఆల్ఫాఫోల్డ్ అనే కృత్రిమ మేధ ప్రోగ్రామ్ 20 కోట్లకు పైగా ప్రోటీన్ల ఆకారాల్ని ఊహించి ఇచ్చింది. 2024 నోబెల్‌లో సగం డెమిస్ హసాబిస్, జాన్ జంపర్‌లకు అందుకే. అది చాలా పెద్ద విషయం, కాదనను. కానీ ఏ ఎంజైము ఎంత వేగంగా పనిచేస్తుందో, ఎందుకు పనిచేస్తుందో అది చెప్పదు.

నిజంగా అర్థమైందా అని తేల్చే పరీక్ష వేరే ఉంది: ప్రకృతిలో లేని ఎంజైమును మొదటినుంచి కట్టి చూపించడం. ఆ నోబెల్‌లో మిగతా సగం అందుకున్న డేవిడ్ బేకర్ బృందం 2008లో కెంప్ ఎలిమినేషన్ అనే చర్యకు ఎంజైములు కట్టింది. పనిచేశాయి గానీ నీరసంగా. అలా కంప్యూటరులో కట్టిన ఇంకొకదాన్ని డొనాల్డ్ హిల్వర్ట్ బృందం 17 విడతల మార్పులు, ఎంపికలతో సానబట్టి 2013 నాటికి సెకనుకు 700 అణువుల దాకా తెచ్చింది. మనిషి గీసిన ప్లాను సరిపోలేదు, గుడ్డిగా మార్చి మంచిది ఏరుకుంటూ పోతే కుదిరింది.

2025లో లెక్క కొంత మారింది. బేకర్ బృందం నీటితో ఎస్టర్ బంధాల్ని తెంచే సెరీన్ హైడ్రోలేజులను కట్టింది. ఈసారి చర్యలోని ప్రతి అడుగులోనూ అమైనో ఆమ్లాలు తమ చోట్లలో కుదురుగా ఉన్నాయా అని ముందే కంప్యూటరులో పరీక్షించారు. అదే ఏడాది ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు విడతలవారీ సానబెట్టే పని లేకుండానే వేగమైన కెంప్ ఎంజైములను చూపించారు.

ప్లాస్టిక్ తినే ఎంజైము వచ్చిందన్నారు. చెత్త సమస్య తీరినట్టేనా?

లేదు. 2016లో జపాన్‌లోని సకాయ్‌లో పెట్ అనే ప్లాస్టిక్ సీసాల రీసైక్లింగ్ చోట ఒక బ్యాక్టీరియా, దానిలో ఆ ప్లాస్టిక్‌ను తెంచే పెటేజ్ అనే ఎంజైము దొరికాయి. 2020లో ఫ్రాన్స్‌లో తూలూజ్ పరిశోధకులు, కార్బియోస్ కంపెనీ కలిసి ఇంకో ఎంజైమును మార్చి, 72 డిగ్రీల దగ్గర పది గంటల్లో 90 శాతం పెట్‌ను ముక్కలు చేయించారు. అయితే ప్లాస్టిక్‌ను ముందు కరిగించి, పొడి చేసి పెట్టాలి. పైగా ఇవన్నీ నీళ్ల సీసాల్లో వాడే పెట్‌కే, అవి తెంచేది దానిలోని ఎస్టర్ బంధాల్ని. కూరగాయలు తెచ్చుకునే పాలిథిన్ సంచిలో తెంచడానికి ఎస్టర్ బంధాలే ఉండవు.

హైదరాబాదులో ఈ పని ఎవరైనా చేస్తున్నారా?

కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రమైన సీసీఎంబీలో రాజన్ శంకరనారాయణన్ బృందం చేసింది తప్పక చెప్పుకోవాలి. అమైనో ఆమ్లాల్లో చాలావాటికి అద్దంలో బొమ్మల్లా ఎడమచేతి వాటం, కుడిచేతి వాటం అని రెండు రూపాలుంటాయి. మన ప్రోటీన్లలో వాడేది ఎడమచేతి వాటంవే. పొరపాటున కుడిచేతి వాటంది ఒకటి, అమైనో ఆమ్లాల్ని రైబోజోమ్‌కి మోసుకొచ్చే ట్రాన్స్‌ఫర్ ఆర్ఎన్ఏకి అంటుకుంటే, దాన్ని కోసి పారేసే ఎంజైము డీటీడీ. అది కుడిదాన్ని గుర్తుపట్టి పడుతుందనే ఎవరైనా అనుకుంటారు. చూస్తే రెండు సగాలు జతకూడిన ఈ ఎంజైములో, చర్య జరిగే చోటికి పక్క సగం నుంచి గ్లైసిన్, ప్రోలిన్ జంట ఒకటి పొడుచుకొచ్చి, ఎడమచేతివాటిని లోపలికి రానివ్వకుండా అడ్డుకుంటోంది. అంటే దానికి తెలిసిందల్లా ఒకరిని ఆపడమే, మిగతావాళ్లు ఎవరైనా లోపలికి రావచ్చు.

దీంతో ఒక చిక్కు వచ్చిపడింది. గ్లైసిన్‌కు ఎడమా కుడీ లేదు, కాబట్టి సరైన గ్లైసిన్‌ను కూడా డీటీడీ కోసేయగలదు. మరి కణం ఎలా బతుకుతోంది? ఈఎఫ్‌టీయూ అనే ఇంకో ప్రోటీన్ ముందే గ్లైసిన్‌ను పట్టుకుని కాపాడుతుందని అదే బృందం తర్వాత చూపించింది. ఇంకో వింత, కోసే పనిలో ప్రోటీన్ పక్క గొలుసుల పాత్ర లేదు. ఆర్ఎన్ఏలోని ఒక ఆక్సిజన్ గుంపే ఆ పని చేస్తుంది.

ఒక్క అమైనో ఆమ్లం మారితే నిజంగా అంత తేడా వస్తుందా?

వస్తుంది. ఆపరేషన్ ముందు కండరాల్ని వదులు చేయడానికి సక్సామిథోనియం అనే మందు ఇస్తుంటారు. రక్తంలోని బ్యూటిరిల్‌కోలినెస్టరేజ్ దాన్ని నిమిషాల్లో విరగ్గొడుతుంది. ఆర్యవైశ్యుల్లో కొందరికి ఈ ఎంజైము దాదాపు ఉండదు. 307వ స్థానంలో ల్యూసిన్ బదులు ప్రోలిన్ పడటం దీనికి కారణంగా గుర్తించారు. ప్రోలిన్ గొలుసును గట్టిగా వంచేస్తుంది, ఎంజైము సరిగ్గా మడతపడదు. మామూలుగా వీళ్లకు ఏ ఇబ్బందీ ఉండదు. ఈ మందు ఇస్తే మాత్రం గంటల తరబడి కండరాలు కదలవు, అంతసేపూ వెంటిలేటర్ మీద ఉంచాలి. కుటుంబంలో ఎవరికైనా ఇలా జరిగి ఉంటే మత్తు డాక్టరుకు ముందే చెప్పండి. టెన్షన్ పడక్కర్లేదు, వాడటానికి వేరే మందులున్నాయి.

మటన్‌లో పచ్చి బొప్పాయి వేస్తే ఎందుకు మెత్తబడుతుంది?

కాయ పాలలో పపైన్ ఉంటుంది. దాని 25వ అమైనో ఆమ్లం సిస్టీన్‌లోని గంధకం మాంసం ప్రోటీన్ గొలుసును పట్టి తెంచుతుంది. పొయ్యి మీద పెట్టాక కూడా 60, 70 డిగ్రీల దాకా పనిచేస్తూనే ఉంటుంది. అందుకే రాత్రంతా నానబెడితే ముక్క ముక్కలా ఉండదు, ముద్దవుతుంది. కోసిన వంకాయ నల్లబడేది ఇంకో ఎంజైము వల్ల. దానికి రాగి, ఆక్సిజన్ రెండూ కావాలి. ఉప్పునీళ్లలో వేస్తే గాలి తగలడం తగ్గుతుంది, ఉప్పులోని క్లోరైడ్ కూడా దాన్ని కాస్త అడ్డుకుంటుంది.

అరుగుదలకు ఎంజైము మాత్రలు వేసుకోవచ్చా?

పాలు పడనివాళ్లకు లాక్టేజ్, క్లోమం దెబ్బతిన్నవాళ్లకు డాక్టరు రాసే మాత్రలు పనిచేస్తాయి. మిగతావాళ్లకు పెద్దగా అవసరం లేదు.

ఇంకా తేలని వాటిలో మీకు అన్నిటికన్నా ఆసక్తి ఉన్నది ఏది?

దూరపు మార్పుల సంగతి. ఫ్రాన్సెస్ ఆర్నాల్డ్ 1990ల మొదట్లో ఎంజైములను యాదృచ్ఛికంగా మార్చి, మంచివాటిని ఏరి, మళ్లీ మార్చే పద్ధతికి దారి వేసింది. 2018లో నోబెల్ తెచ్చుకుంది. ఆ పద్ధతిలో తేలిన వింత ఏమిటంటే, ఎంజైమును మెరుగుపరిచే మార్పులు చాలాసార్లు చర్య జరిగే చోటికి ఎంతో దూరంలో, ప్రోటీన్ అంచున పడతాయి. అక్కడ ఒక అమైనో ఆమ్లం మారితే ఇక్కడ వేగం ఎందుకు పెరుగుతుంది? గొలుసంతా కాస్త జరిగి లోపలి ఆవేశాలు ఇంకా సరిగ్గా కూర్చుంటున్నాయా, పనికిరాని ఆకారాల్లో ఎంజైము గడిపే సమయం తగ్గుతోందా, తయారైన పదార్థం త్వరగా బయటికి పోతోందా? మూడింటికీ సాక్ష్యాలున్న ఎంజైములు ఉన్నాయి. ఫలానా ఎంజైములో ఫలానా చోట మార్చు అని ముందే నమ్మకంగా చెప్పగలిగే పద్ధతి మాత్రం ఇంకా రాలేదు. అందుకే ఇవాళ్టికీ ప్రయోగశాలల్లో వేల రకాలు తయారుచేసి ఒక్కొక్కటీ పరీక్షిస్తూనే ఉన్నారు.